‘నెలకెంత వస్తుంది?’ అని అడక్కండి: సబ్సిడీ అద్దె ఇళ్ల దరఖాస్తుదారులను ఇంటర్వ్యూ చేయడం ఎలా

వార్డు సచివాలయాల వాళ్లు, తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే ట్రస్టుల సిబ్బంది, రొయ్యల ప్లాంట్ల దగ్గర కార్మికుల వసతి చూసేవాళ్లు అందరూ అడిగేది ఒకటే: ‘కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా అర్హులు బయట ఉండిపోతున్నారు, కానివాళ్లు లోపలికొచ్చేస్తున్నారు, ఎక్కడ పొరపాటు?’ దరఖాస్తుదారులు అబద్ధాలు చెబుతున్నారని అనుకోవడం తేలిక. నిజానికి ఎక్కువ తప్పులు బల్లకి ఇవతలి వైపు, అడిగే తీరులోనే జరుగుతాయి. గోదావరి డెల్టాలో ఇలాంటి ఇళ్లకు వచ్చేవాళ్లలో నెల జీతగాళ్లు తక్కువ. సార్వా (ఖరీఫ్ వరి), దాళ్వా (రబీ వరి), చేపలు రొయ్యల చెరువుల పట్టుబడి, కొబ్బరి దింపు, వేట, వీటి మీద ఆదాయం పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. అలాంటి మనిషిని ‘నెలకెంత?’ అని అడిగితే ఏదో ఒక అంకె చెబుతాడు. దాన్ని పన్నెండుతో గుణిస్తే చాలు, అక్కడే లెక్క పాడైపోతుంది.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

మీ పథకం అర్హత నిబంధనలు ఒకే ఒక్క పేజీలో, తెలుగులో రాసి పెట్టుకోండి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పట్టణ) 2.0 కిందైతే ఏడాదికి 3 లక్షల వరకు ఆర్థికంగా బలహీన వర్గం, 3 నుంచి 6 లక్షల దాకా అల్పాదాయ వర్గం. కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. ట్రస్టు ఇళ్లకు వేరే హద్దులుండొచ్చు. ఏదైనా సరే, కాగితం మీద ఉండాలి, గుర్తు మీద నడపొద్దు.

అందరికీ ఒకే ప్రశ్నల కాగితం. దానికి తోడు పన్నెండు గడుల పట్టీ: జనవరి నుంచి డిసెంబరు వరకు, ప్రతి గడి పైనా ఆ నెలలో మీ ప్రాంతంలో ఏ పని నడుస్తుందో చిన్నగా రాసినది. సార్వా నాట్లు, కోతలు, దాళ్వా నాట్లు, కోతలు, ఎండాకాలంలో కాలువలు కట్టేసే రోజులు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం, సంక్రాంతి. అసలు ఇంటర్వ్యూ అంతా ఈ పట్టీ మీదే నడుస్తుంది.

ఇవి కాక క్యాలిక్యులేటర్, వేలిముద్రల ప్యాడ్, నంబర్లున్న రసీదు పుస్తకం, పక్కన రాసుకునే రెండో మనిషి. గది లేకపోతే కనీసం ఓ తెర కట్టించండి. ఒంటరి ఆడమనిషి తన కాపురం సంగతి వరుసలో నిలబడిన పదిమంది ముందు చెప్పదు.

దరఖాస్తుదారుల్ని తెమ్మనవలసినవి: ఇంట్లో అందరి ఆధార్‌లు, రైస్ కార్డు ఉంటే అది, గత 12 నెలల ఎంట్రీలు వేయించిన బ్యాంకు పాస్‌బుక్, ఇప్పుడుంటున్న ఇంటి కరెంటు బిల్లు, పింఛను వస్తుంటే దాని వివరం, భర్త చనిపోయి ఉంటే మరణ ధ్రువీకరణ. పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించుకు రమ్మని వారం ముందే చెప్పండి. చెప్పకపోతే సగం మంది రెండేళ్ల కిందటి ఎంట్రీతో ఆగిపోయిన పుస్తకం తెస్తారు, ఆ రోజు వృథా. ఒరిజినల్స్ చూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి. ఆధార్‌కు చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ చాలు.

ఇక చేయవలసిన పద్ధతి

1. తేదీ ఎంచుకోండి. కోతల వారంలో, నాట్ల వారంలో ఇంటర్వ్యూలు పెడితే కూలి వదులుకోలేని వాళ్లు రారు. రానివాళ్లను ‘ఆసక్తి లేదు’ అని కొట్టేస్తే, పథకం ఎవరి కోసమో వాళ్లనే కొట్టేసినట్టు. రొయ్యల షెడ్డు పనికి రాత్రిపూట వెళ్లేవాళ్లకు మధ్యాహ్నం టైమివ్వండి. లంక గ్రామాల వాళ్ల సంగతి వేరే. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక పడుతుంది. కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వే మునిగాక పడవే దిక్కు. జూలై నుంచి సెప్టెంబరు దాకా లంకల వాళ్లకు ఒక తేదీ కాదు, రెండు తేదీలివ్వండి.

2. మొదటి రెండు నిమిషాలూ మీరే మాట్లాడండి. దాదాపు ఇలా: ‘కూర్చోండమ్మా. ఇది అద్దె ఇల్లు, సొంతానికిచ్చేది కాదు. ఇక్కడ ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు, ఎవరైనా అడిగితే మాకు చెప్పండి. మీరు చెప్పింది మీ ఫైల్లో రాసుకుంటాం, బయట చెప్పం. తెలియనిది తెలియదనే అనండి, దానివల్ల మీకు నష్టం లేదు.’ సొంతం కాదన్న మాట మాత్రం రెండుసార్లు చెప్పండి. టిడ్కో ఇళ్లతో (ప్రభుత్వం పట్టణ పేదలకు సొంతానికిచ్చే అపార్ట్‌మెంట్లు) కలిపేసుకుని, కొన్నాళ్లకు పేరు మీద రాసిస్తారనుకునే వాళ్లు చాలామంది.

ఆదాయ హద్దు ఎంతో ఈ దశలో చెప్పకండి. అంకె విన్నాక ఎవరి ఆదాయమైనా దాని కిందే ఆగుతుంది. అది మనిషి స్వభావం, నేరం కాదు.

పనిలోకి తీసుకెళ్లే మేస్త్రీ, దరఖాస్తు పెట్టించిన పెద్దమనిషి, ‘నేను చెబుతానండి’ అంటూ ముందుకొచ్చే బంధువు, వీళ్లెవరూ గదిలో ఉండకూడదు. ఒడిశా నుంచి వచ్చిన కార్మికులకు భాష రాకపోతే వేరే దుబాసీని పెట్టుకోండి. మేస్త్రీ చెప్పే అంకె మేస్త్రీకి అనుకూలమైన అంకె అవుతుంది. బడికెళ్లే పిల్లతో తల్లి కాపురం విషయాలు అనువాదం చేయించడం అంతకంటే పొరపాటు.

3. కుటుంబం లెక్క తేల్చండి. ‘మీ ఇంట్లో ఎంతమంది?’ అంటే అన్నదమ్ములు, తోడికోడళ్లు, ముసలి అత్త అందరూ వచ్చేస్తారు. ఇలా అడగండి: ‘నిన్న రాత్రి ఇంట్లో ఎవరెవరు పడుకున్నారు? ఒకే పొయ్యి మీద వండుకునేది ఎవరు?’ ఒకే కప్పు కింద రెండు పొయ్యిలుంటే రెండు కాపురాలు. పెళ్లయిన కొడుకు వేరు కుంపటి పెట్టుకుంటే అతని సంపాదన తల్లి దరఖాస్తులో కలపకూడదు. మరోవైపు, పెళ్లికాని కొడుక్కి పెళ్లయిందని రాయించి రెండో ఇల్లు అడిగే వాళ్లూ ఉంటారు. అందుకే పిల్లల వయసు, చదువు, పని, పెళ్లి, నాలుగూ వరుసగా అడగండి. నాలుగూ కలిసి అడిగినప్పుడు దాచింది మిగతా వాటితో పొసగక దానంతటదే బయటపడుతుంది.

భర్త వదిలేసిన ఆడమనిషి దగ్గర కోర్టు కాగితం ఉండదు. విడాకుల పత్రం తెమ్మంటే ఇక రాదు. ఎన్నాళ్లుగా విడిగా ఉంటోందో, అతను డబ్బేమైనా పంపుతున్నాడో, ఇరుగుపొరుగులో ఇద్దరు ఎవరు చెప్పగలరో రాసుకుని, నిర్ధారణ ఇంటి పరిశీలనకు వదలండి.

4. ఆదాయం. దీనికి కనీసం 20 నిమిషాలు కేటాయించండి. మిగతావన్నీ కలిపి అంత పట్టవు.

పన్నెండు గడుల పట్టీ వాళ్ల ముందు పెట్టి, పోయిన నెలతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి. ప్రతి నెలకూ మూడే ప్రశ్నలు: ఏం పని, ఎన్ని రోజులు, ఎలా ఇచ్చారు. ఆ మూడోది ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ రోజుకూలి మాత్రమే కాదు, లెక్కలు రకరకాలు. రొయ్యల షెడ్డులో తలలు తీసేవాళ్లకు కేజీకింత. దింపు కార్మికుడికి చెట్టుకింత, ఒలుపుకు వెయ్యి కాయలకింత. నాట్ల ముఠాకు ఎకరానికింత, దాన్ని ముఠా అంతా పంచుకుంటారు. ‘ఎకరానికి ఇంతిచ్చారండి’ అన్న అంకెను ఒక్క మనిషి సంపాదనగా రాసేయడం చాలాచోట్ల కనిపించే తప్పు. ముఠాలో ఎంతమంది, రోజుకు ఎన్నెకరాలు వేశారు అని వెంటనే అడగండి.

ఒక ఉదాహరణ చూడండి. అంకెలు లెక్క కోసం వేసినవే, కూలి రేట్లు కావు. భర్త చెరువుల పట్టుబడికి వెళ్తాడు, భార్య షెడ్డుకు. పని బాగా ఉన్న 7 నెలలు అతనికి 800 చొప్పున 20 రోజులు, అంటే 16,000. ఆమెకు 500 చొప్పున 22 రోజులు, 11,000. కలిపి నెలకు 27,000. పని పలచబడే 5 నెలల్లో అతనికి 8 రోజులు, 6,400. ఆమెకు 9 రోజులు, 4,500. కలిపి 10,900. ఏడాదికి 1,89,000కు 54,500 కలిపితే 2,43,500.

అదే కుటుంబం మంచి సీజన్‌లో మీ ముందుకొచ్చి ‘నెలకెంత?’కు 27,000 అని నిజమే చెప్పిందనుకోండి. పన్నెండు రెట్లు 3,24,000. 3 లక్షల గీత దాటేసి బలహీన వర్గంలోంచి బయటికి. గడ్డు సీజన్‌లో వస్తే 1,30,800. మనిషి ఒక్కరే, ఇల్లూ ఒక్కటే, అబద్ధం ఎక్కడా లేదు. వచ్చిన నెలను బట్టి 3,24,000 లేదా 1,30,800, అసలు ఆదాయం మాత్రం 2,43,500.

పాస్‌బుక్ తీసి పక్కన పెట్టుకోండి, కానీ జమ పడిందల్లా ఆదాయం అనుకోకండి. డ్వాక్రా రుణం ఆదాయం కాదు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు అప్పే, సీజన్ పొడుగునా కూలిలో కోసుకుంటారు. దాన్ని, తర్వాతి కూలిని రెండూ రాస్తే ఒకే డబ్బు రెండుసార్లు పడుతుంది. పాడుకున్న చీటీ డబ్బు ఒక్కసారిగా పడితే పెద్దగా కనిపిస్తుంది, అదీ వాళ్లు కట్టిన, ఇంకా కట్టాల్సిన సొమ్మే, ఆదాయం కాదు. ఒక్కో పెద్ద జమ మీద వేలు పెట్టి ‘ఇది దేనిదండీ?’ అని మామూలుగా అడగండి. పోలీసు స్టేషన్‌లో అడిగినట్టు కాదు. పీఎం కిసాన్ జమలు కనిపిస్తే మాత్రం భూమి సంగతి తప్పకుండా ఎత్తండి.

కౌలు రైతుకు మొత్తం పంట ఆదాయం కాదు. ఎన్ని బస్తాలు పండాయి, అందులో కౌలుకు ఎన్ని కొలిచారు, పెట్టుబడి ఎంత, ఈ వరుసలో అడిగి మిగిలింది రాయండి. బస్తా అంటే ఇక్కడ 75 కేజీలు. ధర క్వింటాకు చెబితే మార్చుకోవడం మర్చిపోకండి.

కువైట్‌లో ఉన్న భార్యో భర్తో పంపే డబ్బు కుటుంబ ఆదాయమే. అక్కడి జీతం ఎంతని కాదు, ఇంటికి చేరింది ఎంతని అడిగి పాస్‌బుక్‌తో సరిచూడండి. పెళ్లయిన కూతురు అప్పుడప్పుడూ పంపేదాన్ని విడిగా రాసి, మీ నిబంధనలో దానికి ఏముందో చూసి కలపండి. పింఛను, వేట నిషేధ భృతి కూడా అలాగే, వేరే గడిలో.

5. సొంత ఇల్లు, స్థలం. ‘మీకు ఇల్లుందా?’ అంటే ‘లేదండి’ అనే జవాబే వస్తుంది. ఉన్నా లేకపోయినా. ‘మీ పుట్టిల్లు ఏ ఊరు, అక్కడ ఇల్లు ఎవరి పేరుంది? మీ అత్తగారిది? ప్రభుత్వం నుంచి పట్టా ఎప్పుడైనా ఇచ్చారా? ఎక్కడ?’ అని అడగండి. అన్నదమ్ములు పంచుకోని పెంకుటింట్లో వాటా ఉందంటే, ఆ ఇల్లు పక్కాదా, ఇప్పుడు ఎవరుంటున్నారు అని రాయండి. పట్టా ఉందంటే ఆగిపోవద్దు. సెంటున్నర పల్లపు నేల పట్టా చేతిలో ఉండి, వాన పడితే అక్కడ మోకాల్లోతు నీళ్లు నిలిచి, పునాది కూడా వేయలేని వాళ్లున్నారు. స్థలం ఉండటం, పక్కా ఇల్లుండటం ఒకటి కాదు. మీ నిబంధన దేన్ని అడ్డంకిగా చూస్తుందో మొదట రాసి పెట్టుకున్న ఆ ఒక్క పేజీలో చూసుకోండి. పొలం సంగతి ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో 1బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చెప్పే పత్రం) తీసి సరిచూడొచ్చు.

6. అద్దె కట్టగలరా అన్నది మంచి నెలతో కాదు, గడ్డు నెలతో చూడండి. పై కుటుంబానికి 3,500 అద్దె మంచి నెలలో ఎనిమిదో వంతు. గడ్డు నెలలో మూడో వంతుకు దగ్గర. ఇప్పుడు ఎంత అద్దె కడుతున్నారు, కాలువలు కట్టేసిన నెలల్లో పోయినేడాది ఎలా నెట్టుకొచ్చారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు అని అడిగితే ఆదాయం అంకెకు కూడా ఇదే మంచి తనిఖీ. ఖర్చు ఆదాయాన్ని బాగా దాటుతుంటే, ఎక్కడో ఒక రాబడి పట్టీలో ఎక్కలేదన్నమాట.

7. జవాబులు పొసగకపోతే ‘అబద్ధం’ అన్న మాట నోట రానివ్వకండి. ‘ఇందాక ఇలా అన్నారు, పుస్తకంలో ఇలా ఉంది, నాకు అర్థం కాలేదండి, కాస్త చెప్పండి’ అంటే చాలు. తప్పు మీదైనా వాళ్లదైనా ఆ దారిలో బయటపడుతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. గోదావరి వాళ్ల ‘ఆయ్’ని అవునని రాసేయకండి. ‘వింటున్నానండి’ అన్న మర్యాదకూ ‘ఆయ్’ అనే అంటారు. ‘మీ ఆదాయం మూడు లక్షల లోపే కదా?’ ‘ఆయ్.’ ‘సొంతిల్లు లేదు కదా?’ ‘ఆయ్.’ ఇలా పది ‘ఆయ్’లతో నిండిన ఫారం ఖాళీ ఫారంతో సమానం. ‘కదా’తో ముగిసే ప్రశ్న మీ కాగితంలో ఒక్కటి కూడా ఉండకూడదు.

8. చివర్లో రాసిందంతా చదివి వినిపించండి. నెలవారీ పట్టీ కూడా. ‘మా చిన్నోడి పని చెప్పడం మర్చిపోయానండి’ లాంటివి అప్పుడే వస్తాయి. దిద్దుబాట్లు కొట్టేసి పక్కన రాసి వాళ్లతో సంతకం పెట్టించండి, వైట్నర్ వాడొద్దు. వేలిముద్రైతే చదివి వినిపించిన మనిషి పేరు కూడా కిందే ఉండాలి. రసీదిచ్చి, ఎప్పటిలోగా కబురొస్తుందో తేదీతో చెప్పండి.

9. ఇంటి పరిశీలనకు ఇంటర్వ్యూ చేసిన మనిషి కాకుండా మరొకరు వెళ్లాలి. పొయ్యిలు లెక్కపెట్టడం, కరెంటు బిల్లు మీద పేరు చూడటం, ఇరుగుపొరుగుతో రెండు మాటలు. దరఖాస్తుదారు ఆదాయం గురించి పక్కింటి వాళ్లకు మీరేమీ చెప్పకూడదు, వాళ్ల నుంచి వినడమే. నడవలేని వాళ్లకు, మంచం పట్టిన వాళ్లకు మొత్తం ఇంటర్వ్యూ ఇంటి దగ్గరే చేయండి. ఫోన్‌లో చేయడం ఆఖరి మార్గం, అప్పుడు కాగితాల పరిశీలన వేరే రోజు తప్పదు.

కాగితాల దగ్గర జరిగే పొరపాట్లు

రైస్ కార్డు లేదని తిప్పి పంపడం. రైస్ కార్డుకు నెలకు పల్లెలో 10,000, పట్టణంలో 12,000 అని వేరే హద్దు. 12,000 అంటే ఏడాదికి 1,44,000. కార్డు రానివాళ్లు కూడా 3 లక్షల లోపు హాయిగా ఉండొచ్చు. కరెంటు యూనిట్లు ఎక్కువ వచ్చాయనో, పాత కారొకటి పేరు మీదుందనో కార్డు పోయిన వాళ్లూ ఉంటారు. కార్డు ఉంటే ఒక ఆధారం, లేకపోతే అది అనర్హత కాదు.

జిల్లా పేరు కలవలేదని ఆపడం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అమలాపురం మనిషి ఆధార్‌లో తూర్పు గోదావరి, భీమవరం అవతలి కైకలూరు మనిషి ఆధార్‌లో కృష్ణా అని ఉండటం మామూలే. పాస్‌బుక్ మీద ఆంధ్రా బ్యాంక్ అని ఉంటే అది 2020లో యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంక్ 2025 మేలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంక్‌లో కలిసింది. పాత పుస్తకం దొంగ పుస్తకం కాదు.

ఇంటిపేరు తేడాలు. ఆడవాళ్లకు ఒక కాగితంలో పుట్టింటి పేరు, మరోదాంట్లో అత్తింటి పేరు ఉంటుంది. పుట్టిన తేదీలో జనవరి 1 అని ఉంటే అది వయసు అంచనాగా వేసిందై ఉంటుంది. ఒకే మనిషని ఫొటో, ఆధార్ చివరి అంకెలు చెబుతుంటే, ఒక స్వీయ ధ్రువీకరణ తీసుకుని ముందుకు వెళ్లండి.

మీ పని సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

ప్రతి పది ఫైళ్లలో ఒకటి తీసి, ఆ ఇంటర్వ్యూలో లేని మనిషికి ఇవ్వండి. మీరు రాసిన పట్టీ చూసి ఏడాది ఆదాయం తనే మళ్లీ కట్టాలి. అంకె తేడా వస్తే లెక్క తప్పు. అసలు కట్టలేకపోతే మీరు రోజులు రాయకుండా మొత్తం మాత్రమే రాశారన్నమాట, ఆ ఇంటర్వ్యూ మళ్లీ చేయాలి. పన్నెండు గడుల్లోనూ ఒకే అంకె ఉన్న ఫైలు కనిపిస్తే, అతను నెల జీతగాడైతే తప్ప, అది అడక్కుండా నింపిందే.

ఇద్దరు ముగ్గురు ఇంటర్వ్యూలు చేస్తుంటే తిరస్కరణలు ఎవరి బల్ల దగ్గర ఎక్కువ పడుతున్నాయో నెలకోసారి చూడండి. 2,90,000కూ 3,00,000కూ మధ్య ఫైళ్లు గుంపుగా పోగైతే హద్దు ఎవరో బయట చెప్పేస్తున్నారని అనుమానించాలి. తిరస్కరించిన ప్రతి ఫైలు మీద కారణం ఒక వాక్యంలో, నిబంధన నంబరుతో ఉండాలి. ‘అర్హత లేదు’ అన్నది కారణం కాదు. ‘పథకం హద్దు 3,00,000, మీ కుటుంబ ఆదాయం 3,41,000గా లెక్కకొచ్చింది, నెలవారీ పట్టీ జతపరిచాం, తప్పుంటే ఫలానా తేదీలోగా చెప్పండి’ అన్నది కారణం. ఆ ఉత్తరంతో పాటు పట్టీ కాపీ వాళ్లకు ఇవ్వండి. లెక్కలో మీరు చేసిన తప్పును అందరికంటే ముందు పట్టుకునేది వాళ్లే.